ఆగితే వేడి, కదిలితే చలి

అరవై దాటాక టైలరమ్మకు పెళ్ళి కుదిరింది. కుదిరిందంటే ఎవరో పెద్దలు కూర్చుని కుదిర్చారని కాదు, ఆవిడే కుదుర్చుకుంది. వరుడు కొండ అవతలి ఊళ్ళో కార్ల షెడ్డు నడిపే మెకానిక్. ఆవిడలాగే ఏనాడో ఒంటరైపోయిన మనిషి. ఆర్భాటాలేమీ వద్దు, రిజిస్ట్రార్ ఎదుట చెరో సంతకం పెడితే చాలని ఇద్దరూ అనుకున్నారు. ఆ రిజిస్ట్రార్ ఆఫీసు కొండ అవతలే ఉండటంతో చిక్కొచ్చి పడింది.

టైలరమ్మ వేళ్ళకు చలి పడదు. కాస్త చల్లగాలి తగిలితే చాలు, తెల్లగా పాలిపోయి కొయ్యముక్కల్లా బిగుసుకుపోతాయి. గ్లోవ్స్ తొడిగినా అంతే. పోయిన వారం ముస్తాబై బయల్దేరితే కారు హీటరు దారంతా చల్లగాలి కొట్టింది. సగం దూరం వెళ్ళేసరికి ఆవిడ చేతులు పెన్ను సంగతి అటుంచి చేతిరుమాలు కూడా పట్టుకోలేకపోయాయి. కూతురు కారు వెనక్కి తిప్పించింది. "ఇంకోసారి ఇలా అయిందా, వేసవి దాకా పెళ్ళి మాట ఎత్తేది లేదు" అని తీర్పు కూడా చెప్పేసింది.

కూతురి గుబులు చలి ఒక్కదాని గురించే కాదు. కొలత టేపు పట్టుకుని తానే కొలిస్తే తప్ప ఎవరి మాటా నమ్మని అమ్మ, మొన్న వేసవిలో కారు బాగుచేసిన మనిషిని ఇంతలా ఎలా నమ్మిందో ఆ పిల్లకు మింగుడు పడటం లేదు. ఆ సంగతి టైలరమ్మకూ తెలుసు. శుభస్య శీఘ్రం అని ఊరికే అనలేదు పెద్దలు. వేసవి దాకా ఆగితే ఎవరి మనసు ఎటు తిరుగుతుందో, ఎవరి మోకాళ్ళు ఏమవుతాయోనని ఆవిడకు కంటి మీద కునుకు లేదు.

అప్పుడు అల్లుడు రంగంలోకి దిగాడు. ఈ అల్లుడు బంగారంలాంటి మనిషే గానీ, ఫోన్‌లో వీడియో చూస్తే తనకు రాని పని లేదనుకుంటాడు. వారమంతా చూసి, ఇంటి ముందు కారు స్టార్టు చేసి, బానెట్ ఎత్తి లోపల అదీ ఇదీ కదిపాడు. కాసేపటికి హీటర్లోంచి వెచ్చటి గాలి తన్నుకొచ్చింది.

"చూశారా అత్తయ్యా! నా చెయ్యి పడితే ఇంతే!" అన్నాడు.

ఆ చేత్తోనే ఇవాళ కారు నడుపుతున్నాడు. పక్కన టైలరమ్మ, వెనక సీట్లో కూతురు, కూతురి పక్కన రంగు కాగితం చుట్టిన పెద్ద అట్టపెట్టె. అందులో ఏముందని అడిగితే, "పెళ్ళయితే ఇస్తాను" అని కూతురు ముక్తసరిగా చెప్పింది.

ఊరి వీధుల్లో కారు నత్తనడక నడిచినంతసేపూ లోపల హాయిగా ఉంది. టైలరమ్మ కూనిరాగం కూడా తీసింది. ఊరు దాటి పెద్ద రోడ్డెక్కి అల్లుడు వేగం పెంచాడో లేదో, హీటరు మళ్ళీ పాత పాటే అందుకుంది. చల్లగాలి రివ్వున కొట్టింది.

"చల్లగా వస్తోంది కదూ?" కూతురు వెనకనుంచి అడిగింది.

"అబ్బే, ఉక్కపోస్తోంది" అంది టైలరమ్మ, చేతులు చంకల్లో దాచుకుంటూ.

అబద్ధం అతికినట్టుండాలి. ఆవిడ పళ్ళు టకటకలాడుతుంటే ఏమతుకుతుంది? కూతురు కారు పెట్రోలు బంకులోకి తిప్పించింది. అల్లుడు ఇంజను ఆపకుండానే దిగి బానెట్ ఎత్తాడు, తల గోక్కున్నాడు, మళ్ళీ దించాడు. ఆ తతంగం ముగిసేలోపు లోపల గాలి మళ్ళీ వెచ్చబడింది. మళ్ళీ రోడ్డెక్కారు, మళ్ళీ చలి. మళ్ళీ ఆపారు, మళ్ళీ వేడి.

"దీనికి పెళ్ళంటే గిట్టదేమో!" అన్నాడు అల్లుడు నీరసంగా.

"ఇక చాలు. ఇంటికి పోదాం" అంది కూతురు.

టైలరమ్మ నోటితో వాదించే రకం కాదు. కుట్టు తేడా వస్తే మిషన్ని తిట్టుకుంటూ కూర్చోకుండా, దారం ఎక్కడ తెగుతోందో కళ్ళప్పగించి చూసే రకం. "ఒక్కసారి నేను చెప్పినట్టు నడుపు అల్లుడూ. ఆపమంటే ఆపు, పొమ్మంటే పో" అంది.

అతను అలాగే నడిపాడు. ఆవిడ చూపు మాత్రం స్టీరింగు వెనకున్న డయల్ మీద ఉంది. ఇంజను వేడి చూపించే ముల్లు కారు ఆగినప్పుడల్లా మెల్లగా మధ్యకు లేస్తోంది, పరుగందుకోగానే కిందికి వాలిపోతోంది. రెండుసార్లు చూసి ఆవిడ చప్పట్లు కొట్టబోయింది గానీ వేళ్ళు సహకరించలేదు.

"తప్పు హీటర్‌ది కాదర్రా! ఇంజనే చల్లబడిపోతోంది. నూతిలో ఉంటేనే కదా చేదలోకి వచ్చేది! ఎదురుగాలి కొట్టగానే ఉన్న వేడంతా ఎగిరిపోతోంది. నా ఇస్త్రీపెట్టెలో వేడిని అదుపు చేసే బిళ్ళ ఒకటుంటుంది చూడు, అలాంటిది దీనికీ ఉంటుందా?"

అల్లుడి మొహం వెలిగిపోయింది. "థర్మోస్టాట్! ఇంజను వేడెక్కేదాకా రేడియేటర్‌లోకి నీళ్ళు పోకుండా తలుపులా మూసుకుని ఉండాలది. తెరుచుకుని ఇరుక్కుపోయి ఉంటుంది. అందుకే గాలి తగలగానే చల్లబడుతోంది!"

ఇంకేముంది, ఇద్దరూ చంకలు గుద్దుకున్నారు. ఈ ఘనకార్యం ముందుగా ఎవరికి చెప్పాలి? మెకానిక్‌కే కదా. కారు పక్కకు ఆపి టైలరమ్మ ఫోను చేసింది, అందరికీ వినబడేలా స్పీకరు పెట్టింది.

"మెకానిక్ గారూ, మీరు లేకుండానే రోగం కనిపెట్టేశాం! థర్మోస్టాట్ ఇరుక్కుపోయింది."



"ఇరుక్కోలేదండీ" అన్నాడు ఆయన.

"మరి?"

"అసలు అక్కడ లేదు."

"లేకపోతే ఎక్కడికి పోయింది?"

"ఇక్కడే ఉంది. నా జేబులో."

కారులో ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు. మెకానిక్ గబగబా చెప్పుకొచ్చాడు.

"మొన్న వేసవిలో కారు వేడెక్కిపోతోందని తెచ్చారు కదా. రేడియేటర్‌కి చెత్త పట్టింది, కడిగితే సరిపోయింది. ఇది కూడా తీసి దాచాను. ఇది లేకపోయినా ఎండాకాలం తేడా తెలీదు. చలి రాగానే హీటరు మొరాయిస్తుంది. అప్పుడు మీరు మళ్ళీ నా దగ్గరికే రావాలి కదా అని... ఈలోపే మీరు పెళ్ళికి ఒప్పుకున్నారు. ఇక చెప్పడానికి మొహం చెల్లలేదు. ఇవాళ సంతకాలయ్యాక గుట్టుగా బిగించేద్దామని తెచ్చాను."

"పోయిన వారం అమ్మ చేతులు కొయ్యబారిపోయాయి, తెలుసా మీకు?" కూతురు ముందుకు వంగి అరిచింది. "దొంగ చేతికి తాళాలిచ్చినట్టు కారు తీసుకెళ్ళి ఈయన చేతిలో పెట్టావమ్మా!"

"తప్పేనమ్మా" అన్నాడు మెకానిక్. "చలికి వేళ్ళు బిగిశాయని చెబితే, హీటరు ఏమైందని అడిగే ధైర్యం లేకపోయింది. నన్నెంత తిట్టినా పడతాను."

టైలరమ్మ భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందేమోనని కూతురు కంగారుపడింది. చూస్తే ఆవిడ నవ్వుతోంది. నవ్వీ నవ్వీ కళ్ళలో నీళ్ళు తిరిగితే, వంగని వేళ్ళతో తుడుచుకోలేక భుజానికి రుద్దుకుంటోంది.

"మెకానిక్ గారూ, నేను మీకు కుట్టిన చొక్కా భుజాల దగ్గర పట్టేసిందని మూడుసార్లు తెచ్చారు, గుర్తుందా?"

"గుర్తులేకేం?"

"మూడుసార్లూ నేనే కావాలని బిగించాను. నాకు కొలత తప్పుతుందా! సరిగ్గా కుట్టేస్తే మీరు మళ్ళీ రారు కదా."

"అయ్యో! నేను లావెక్కాననుకుని రాత్రిపూట భోజనం మానేశానండీ!"

అల్లుడు స్టీరింగు మీద తల వాల్చి పగలబడి నవ్వాడు. "దొందూ దొందే!" అన్నాడు ఎలాగో ఊపిరి తిప్పుకుని.

కూతురు నవ్వలేదు. అమ్మ వైపే చూస్తూ ఉండిపోయింది. నాన్న పోయాక అమ్మ ఇలా ఒళ్ళు మరిచి నవ్వడం ఆ పిల్ల చూడలేదు. వేళ్ళు నొప్పెడుతున్నా, కారు పాడైనా, మోసం బయటపడినా ఆ మొహంలో సంతోషం పట్టనంత ఉంది. మరి తనేమో ఆ మొహాన్ని వేసవి దాకా ఇంట్లో కూర్చోబెడదామనుకుంది.

కూతురు ఫోను తన చేతిలోకి తీసుకుంది. "ఇప్పుడు మేం కొండెక్కేదెలా? దారి చెప్పండి, బాబాయిగారూ."

ఆ పిలుపుకి అవతలి గొంతులో హుషారొచ్చింది. "గట్టి అట్టముక్క ఉందామ్మా? రేడియేటర్ ముందు సగానికి అడ్డం పెట్టండి, గాలి తక్కువ తగులుతుంది. ముల్లు మీద ఓ కన్నుంచండి. మధ్య దాటితే ఆగి అట్ట తీసెయ్యండి" అన్నాడు.

కూతురు ఒక్కక్షణం కూడా ఆలోచించలేదు. పక్కనున్న పెట్టె రంగు కాగితం పర్రున చింపేసింది. లోపలున్న కొత్త ఇస్త్రీపెట్టెను అమ్మ ఒళ్ళో పెట్టి, అట్టను మోకాలికేసి విరిచింది. భార్యాభర్తలిద్దరూ దాన్ని రేడియేటర్ ముందు దూర్చి, జారకుండా రంగు రిబ్బనుతోనే కట్టారు.

కారు కదిలింది. ముల్లు లేచింది, నిలబడింది. వేడిగాలి వచ్చింది, ఎంత వచ్చిందంటే కొండ సగం ఎక్కేసరికి అల్లుడు కోటు విప్పేశాడు, కూతురు విసురుకోవడం మొదలుపెట్టింది. టైలరమ్మ మాత్రం వేళ్ళన్నీ ఆ గాలికి చాపి, ఒక్కొక్కటే ముడుస్తూ తెరుస్తూ చిన్నపిల్లలా మురిసిపోయింది.

రిజిస్ట్రార్ ఆఫీసు మెట్ల మీద మెకానిక్ నిలబడి ఉన్నాడు. ఫోను పెట్టేసినప్పటినుంచీ అక్కడే ఉన్నాడట. లోపలికి రమ్మని గుమస్తా పిలిచినా కదల్లేదట. "వాళ్ళు కొండ దిగి వస్తున్నారో లేదో ఇక్కడినుంచైతే కనబడుతుంది కదా" అన్నాడట. కారు ఆగగానే జేబులోంచి థర్మోస్టాట్ తీసి, అపరాధిలా తల దించుకుని బానెట్ వైపు నడిచాడు.

"అది తర్వాత. ముందు సంతకం" అంది టైలరమ్మ.

లోపల ఆవిడ చకచకా సంతకం చేసేసింది. మెకానిక్ పెన్ను పట్టుకున్నాడు, పెన్ను కింద పడింది. మళ్ళీ పట్టుకున్నాడు, మళ్ళీ పడింది. మెట్ల మీద చలిగాలిలో నిలబడీ నిలబడీ ఆయన వేళ్ళు కొయ్యబారిపోయాయి.

"ఒంట్లో బాగోలేకపోతే ఇంకో రోజు రండి" అన్నాడు రిజిస్ట్రార్.

"ఇంకో రోజా!" అని నలుగురూ ఒక్కసారే అరిచారు.

టైలరమ్మ కుర్చీ దగ్గరగా జరిపింది. ఆయన చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుంది. అవి మంచుముక్కల్లా ఉన్నాయి, ఆవిడవి వెచ్చగా ఉన్నాయి. ఒక్కో వేలూ రుద్దుతూ, ఊదుతూ, అందరి ఎదుటా సిగ్గులేకుండా నవ్వుతూ, ఆయన పెన్ను పట్టుకునేదాకా వదల్లేదు.