గాలి చెప్పే మనిషి

దుప్పటికి నాలుగు క్లిప్పులు చాలా, ఆరు పెట్టాలా అన్నది యాగొదా కొండను చూసి చెప్పేస్తుంది. వెలెబిట్ కొండ నెత్తిన తెల్లమబ్బు టోపీలా కూర్చుందంటే గంటలోపు బుర దిగుతుంది. బుర మామూలు గాలి కాదు, కొండ మీంచి కిందికి దూకుతుంది. ముందు నది ఒడ్డున విల్లో చెట్ల ఆకులు తిరగబడి తెల్లబడతాయి, తరువాత పొరుగింటి పొగ పక్కకు పడుకుంటుంది, ఆ తరువాత పచ్చిక వంగుతుంది, అన్నిటికంటే చివర ఆమె తలగుడ్డకు తగులుతుంది. ఇరవై ఎనిమిదేళ్లుగా ఈ పెరట్లో బట్టలు ఆరేసి నేర్చుకున్న చదువు అది. దానికి ఎవరూ పట్టా ఇవ్వలేదు.

"యాగొదా, ఆ క్లాసు సంగతి చూశావా?" వసారాలో కాఫీ తాగుతూ యోసో అడిగాడు. "అదే, దూరం కాల్చేది. ఎనిమిది వందల మీటర్లది. ఏది మంచిదో, ఏమేం కొనాలో చూసి పెట్టు. శుక్రవారంలోపు కాగితం పంపాలి. నీకేం, ఇంటి పట్టునే ఉంటావు."

యాగొదా నోట్లో రెండు క్లిప్పులున్నాయి. నోట్లో క్లిప్పులుండగా మొగుడికి జవాబు చెప్పక్కర్లేదన్నది ఆమెకు దొరికిన కొద్దిపాటి సుఖాల్లో ఒకటి.

ఇంటి పట్టున ఉండటమంటే పొద్దున ఏడింటి నుంచి మధ్యాహ్నం దాకా బస్తీలో కుట్టుపని షాపులో వేటగాళ్ల కోట్లకు జిప్పులు వేయడం. కొనేవాళ్లు ఎవరైనా వస్తే చాలు, షాపు యజమానురాలు "యాగొదా, ఎడమ చేత్తో కత్తెర పట్టకు తల్లీ, చూడ్డానికి ఎబ్బెట్టుగా ఉంది" అంటుంది. తరువాత బస్సెక్కి వచ్చి అత్తగారు మాండాకు సూప్ పెట్టడం, ఆవిడ కాళ్లకు మందు రాయడం, గొర్రెలు, బంగాళాదుంపలు, జున్ను. యాగొదా పాలు తిప్పుతుంటే మాండా మంచం మీంచే కాపలా కాస్తుంది. "ఆ చేత్తో తిప్పకే. జున్ను చెడుద్ది." ఇరవై ఎనిమిదేళ్లలో ఒక్కసారి కూడా జున్ను చెడలేదు. అయినా ఆవిడ చెప్పడం మానలేదు, యాగొదా చెయ్యి మార్చుకోవడం మానలేదు. ఇవి కాక ఇంటి కాగితాలన్నీ ఆమెవే. పన్నులు, గొర్రెల లెక్క, యోసో తుపాకీ అనుమతి, అన్నీ ఆమె నింపుతుంది, ఆమె వేలు పెట్టిన చోట యోసో సంతకం పెడతాడు. చదివే అలవాటు ఆయనకు లేదు. చదివే మనిషి ఇంట్లో ఉండగా ఆయనకెందుకు ఆ శ్రమ.

యోసో పన్నెండేళ్లుగా ఊరి షూటింగ్ సంఘంలో ఉన్నాడు. మూడు వందల మీటర్లు దాటితే తుపాకీ ఒక్కటే చాలదు, పక్కన ఒక మనిషి దుర్భిణి పెట్టుకుని పడుకుని గాలి చెప్పాలి. ఆ మనిషి యాగొదా. చాప మోసేది, పరిచేది, దుర్భిణి మోసేది కూడా ఆమే. "ఆగు. విల్లోలు తెల్లబడ్డాయి. ఎడమకు రెండు గీతలు. ఇప్పుడు." ఆమె మాటలు అంతే. తుపాకీ పేలుతుంది, దూరాన గురిగా పెట్టిన ఇనప పళ్లెం టంగుమంటుంది, అందరూ యోసో వీపు తడతారు. తుపాకీ వెనక చెక్క కింద పెట్టుకునే చిన్న సంచి ఉంటుంది. పాత జీన్స్ గుడ్డతో కుట్టి, లోపల ధాన్యం పోసి, పిడికిట్లో నొక్కితే తుపాకీ వెంట్రుకవాసి లేచేట్టు రాత్రుళ్లు కూర్చుని తయారుచేసింది ఆమె. సంఘంలో పదకొండు మంది దగ్గర ఆ సంచులున్నాయి. వాటి పేరు యోసో సంచులు. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడంటారు, ఇక్కడ పెళ్లాం నిద్ర మొగుడు దానం చేశాడు.

పోయిన శరదృతువు పోటీలో ఆఖరి తూటా దగ్గర యాగొదా "ఆగు" అంది. యోసో ఆగలేదు. తూటా పళ్లేనికి అర మీటరు కుడిగా మట్టిలో దిగింది. ఆయన లేచి, మోకాళ్లు దులుపుకుని, అందరూ వినేలా అన్నాడు. "ఆడదాని మాట విన్నాను. తగిన శాస్తి జరిగింది." ఆడలేక మద్దెల ఓడనడం కొత్త కాదు గానీ, ఆ మద్దెలకు చెవులుంటాయని ఎవరికీ తోచలేదు. సంఘం పెద్ద యూరే వెంటనే అందుకున్నాడు. "ఇంట్లో వినకపోతే కూడు పెట్టదు సరే, ఇక్కడెందుకు విన్నావురా?" నలభై మంది నవ్వారు. యాగొదా అప్పటికే మాంసం పులుసు డేగిశా దగ్గరకు చేరింది. ఆమెకు అవమానమైంది. ముఖం మండింది. కానీ చేతిలో గరిటె ఉంది, ఎదురుగా ఇంకా పదిహేను గిన్నెలు చాచి ఉన్నాయి. యోసో గిన్నెలో కూడా మంచి ముక్కే వేసింది. ఎందుకు వేశానా అని ఆ చలికాలమంతా తనను తానే తిట్టుకుంది.

క్లాసులు మూడు దొరికాయి. మొదటిది సముద్రం వైపు, రెండు రోజులు, బొమ్మల నిండా నల్లద్దాల మగవాళ్లు, మంచి భోజనం, తీరా చూస్తే కాల్చేది మూడు వందల మీటర్లే. రెండోది సరిహద్దు అవతల, దానికి ఫలానా తుపాకీ, దాని మీద బిగించి గురి చూసే ఫలానా స్కోపు, ఫలానా బట్టలు ముందే కొనుక్కుని రమ్మన్నారు. మూడోది కొండకు అటుపక్క వీన్కో అనే ముసలాయనది. నలుగురినే తీసుకుంటాడు. మొదటి రోజు ఒక్క తూటా కూడా పేల్చరు, పడుకుని గాలి చూసి పుస్తకంలో రాసుకోవాలి. యాగొదాకు ఆ మాట నచ్చింది.

"పేల్చకుండా ఉండటానికి క్లాసెందుకే?" యోసో అన్నాడు. "సరేలే, దూరం అక్కడే ఎక్కువంటున్నావుగా, అదే పెట్టు. పెద్ద స్కోపొకటి రాసి పెట్టు, యూరే దగ్గరున్నట్టుది. నువ్వు పక్కనుంటావుగా గాలికి."

బుధవారం షాపు నుంచి వచ్చాక, పెరట్లో నిలబడి వీన్కోకు ఫోన్ చేసింది. ఎవరు కాల్చేదని అడిగితే మా ఆయన అంది. తరువాత తనకు కావలసినవి అడిగింది. "మీ మైదానం మధ్యలో వాగుంది, ఫోటోలో చూశాను. అక్కడ గాలి ఎదురు తిరుగుతుందాండీ? ఇవతల పచ్చిక ఒకవైపు వంగితే, పళ్లెం దగ్గర ఇంకోవైపు వంగుతుందా?"

"తిరుగుతుంది," అన్నాడు వీన్కో. "వచ్చినవాళ్లు అది తెలుసుకునేసరికి రెండో రోజు సాయంత్రమవుతుంది. సరే, కొలతలు కావాలి. మోచెయ్యి మడత నుంచి చూపుడువేలు మొదటి కణుపు దాకా ఎంతో చూడండి. తుపాకీ వెనక చెక్క పొడుగు దాన్నిబట్టి ఉంటుంది. ఇంకోటి, ఏ కన్ను ముందుంటుందో చూడాలి. రెండు అరచేతులు చాచి, మధ్యలో చిన్న సందు వదిలి, అందులోంచి దూరంగా ఏదన్నా చూడండి. తరువాత ఒక్కో కన్నూ మూయండి. ఏ కన్ను మూస్తే అది మాయమవుతుందో ఆ కన్నే మీ పెద్దకన్ను. మీరు చేసి చూస్తే ఆయనకు చూపించొచ్చు."

ఫోన్ గట్టు మీద పెట్టి, చేతులు చాచి, చర్చి గంటగోపురం చూసింది. కుడి కన్ను మూసింది, గోపురం ఉంది. ఎడమ కన్ను మూసింది, గోపురం లేదు.

"నాది ఎడమ కన్నండీ," అంది. తరువాత, అడగకపోయినా, "ఎడమ కన్నయితే స్కోపులో ఏమీ కనపడదు కదూ?" అంది.

"ఎవరు చెప్పారమ్మా?"

ఎవరూ చెప్పలేదు, తనే కనిపెట్టుకుంది. పదకొండేళ్ల కిందట ఒకే ఒక్కసారి యోసో తుపాకీ వెనక పడుకోనిచ్చాడు. కుడి భుజానికి ఆనించి, కుడి కన్ను పెట్టమన్నాడు. స్కోపులో నల్లటి చక్రం తప్ప ఏమీ కనపడలేదు. మెడ చాచింది, ఎత్తింది, నల్లగానే ఉంది. "నాకు చీకటిగా ఉంది" అంటే యోసో పగలబడి నవ్వాడు. "వంటింట్లో ఉండాల్సిన కళ్లు మరి." అప్పటి నుంచి తన కంట్లోనే ఏదో లోపముందనుకుంది. ఇదంతా వీన్కోకు నాలుగు ముక్కల్లో చెప్పింది.

"అది కంటి రోగం కాదమ్మా," అన్నాడు వీన్కో. "ఆ స్కోపు ఆయన మెడకు తగ్గట్టు బిగించి ఉంది. మీ కంటికి దూరమైంది. కొంచెం వెనక్కి జరిపి, చెంప ఆనించే చెక్క దించాలి. ఐదు నిమిషాల పని. పైగా మీరు కాల్చేట్టయితే మీకు కావలసింది ఎడమచేతి తుపాకీ. పెద్ద స్కోపులవీ ఇప్పుడు కొనకండి. ముందు మనిషికి సరిపోవాలి, తరువాతే మిగతావి. ఒక చాప, ఒక పుస్తకం, చెవులకు మంచి మూతలు తెచ్చుకుంటే చాలు. తుపాకీ నేనే ఇస్తాను. నా దగ్గర ఎడమచేతిది ఒకటుంది. మూడేళ్లుగా ఎవరూ అడగలేదు."

ఐదు నిమిషాల పని. ఆ మాట పట్టుకుని యాగొదా గొర్రెల దొడ్లోకి వెళ్లి కూర్చుంది. ఏడుపొచ్చింది, కొంచెం ఏడ్చింది. పదకొండేళ్లు తన కన్నును తప్పు పట్టింది. ఇంకా వేటివేటికి తన ఒంటిని తప్పు పట్టిందో ఒక్కొక్కటే గుర్తొచ్చింది. వంటింటి గట్టు మాండా ఎత్తుకు కట్టారు, వంగి వంగి నడుం నొప్పి పుడితే నా నడుం బలహీనం అనుకుంది. కత్తెరతో గుడ్డ వంకరగా తెగితే నా చెయ్యి వంకర అనుకుంది. చెవుల మూతలు యోసో పాతవే ఇచ్చాడు, అవి జారిపోతే నా తల చిన్నది అనుకుని, ప్రతి తూటాకూ ఒక చేత్తో పట్టుకుంది. బళ్లో టీచరమ్మ ఎడమ చెయ్యిని బెంచీకి కట్టేసిన రోజున కూడా తప్పు చేతిదే అనుకుంది. ఊరందరి చేతులూ, మెడలూ టేపు పెట్టి కొలిచి, వాళ్లవాళ్లకు సరిపోయేలా కోట్లు కుట్టే మనిషి తను. తన ఒంటికొక కొలత ఉంటుందనీ, లోకాన్నే ఒక బొటనవేలంత ఇటు జరపొచ్చనీ తోచనే లేదు. తోచినా ఏం చేసేది? గట్టు పగలగొట్టమని అడిగితే మాండా ఇల్లే కూల్చమన్నట్టు గోల చేసేది. లోపలి నుంచి అప్పుడే పిలుపు వచ్చింది. "ఏమే, కాళ్లు నొప్పులు. ఎక్కడ చచ్చావు?" యాగొదా ముఖం తుడుచుకుని, వెళ్లి కాళ్లకు మందు రాసింది.

శుక్రవారం షాపులో అందరూ వెళ్లిపోయాక కాగితం నింపింది. మెడలో వేలాడే టేపు తీసి, మోచెయ్యి మడత నుంచి వేలి కణుపు దాకా తనకు తానే కొలుచుకుంది. ముప్పై రెండు సెంటీమీటర్లు. యోసోది ముప్పై ఆరు, అది చూడకుండానే తెలుసు. కాగితంలో పైన కాల్చేవారు అని ఒక భాగం, కింద సహాయకులు అని ఇంకో భాగం ఉన్నాయి, ఒక్కోదాని కింద సంతకానికి గీత ఉంది. కలం ఎడమ చేతిలోకి మార్చుకుంది. అక్షరాలు ఒకటో తరగతి పిల్ల రాసినట్టు వచ్చాయి. పర్వాలేదు. కాల్చేవారు, యాగొదా. కన్ను, ఎడమ. చెయ్యి, ఎడమ. సహాయకులు, యోసో. ఆ పేరు పక్కన ఇంకో చిన్న వాక్యం కూడా రాసింది. పై గీత మీద సంతకం తను పెట్టేసింది. చాటుగా పని చక్కబెట్టుకోవడం ఆమెకు ఇష్టం లేదు. చదవమని ఆయనను అడుగుతుంది. ఒక్కసారే అడుగుతుంది. చదివి చింపేస్తే, చింపేస్తాడు. అప్పుడేం చేయాలో ఆమెకు తెలియదు.

యోసో బల్ల దగ్గర జున్ను తింటూ టీవీలో మ్యాచ్ చూస్తున్నాడు. మాండా గోడ పక్కన సూప్ తాగుతోంది. యాగొదా కాగితం ఆయన ముందు పెట్టింది.

"క్లాసు కాగితం. చదివి సంతకం పెట్టు."

"నువ్వు చదివావుగా. ఎక్కడ?"

"చదువు, యోసో."

"అబ్బ, నీ చాదస్తం. పోస్టుకు టైమైపోతోంది. ఎక్కడో వేలు పెట్టు."

ఎప్పటిలాగే వేలు పెట్టింది. ఎడమ చూపుడువేలు, కింది గీత మీద. ఆ వేలు అక్కణ్నుంచి జరగలేదు. యోసో ఒక కన్ను టీవీ మీద ఉంచి సంతకం గీకేశాడు. యాగొదా కాగితం మడిచి, కవర్లో పెట్టి, అంచు నాలుకతో తడిపి అంటించింది. తలగుడ్డ కట్టుకుంది.

"యూరే దగ్గరున్న స్కోపు రాశావా?" అన్నాడు.

"లేదు. నాకు అంతది అక్కర్లేదన్నాడాయన."

"నీకేంటే? మరి నేను దేంట్లోంచి చూడాలి?"

"దుర్భిణిలోంచి," అంది యాగొదా. "నా పక్కన పడుకుని."

మాండా చెంచా ఆపింది. యోసో టీవీ మీంచి కళ్లు తిప్పి ముందు కవరును చూశాడు, తరువాత ఆమెను. ఆ ముఖంలో కోపం రావడానికి ఇంకా టైముంది, అప్పటికి అర్థం కాకపోవడం ఒక్కటే ఉంది.

"నాకు గాలి చెప్పడం రాదుగా," అన్నాడు.

"తెలుసు," అంది యాగొదా, తలుపు తీస్తూ. "అది కూడా రాశాను."