నాలుగో నంబరు జేబు

నాకు ముక్కు మీద కోపం. ఆ సంగతి ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ మా ఆవిడ మంచినీళ్ళతో పాటే అందిస్తుంది కాబట్టి నేనే ముందు ఒప్పేసుకుంటున్నాను. ముప్పై ఏళ్ళుగా ఇంటి ముందుగదిలోనే టైలర్ పని చేస్తున్నాను. వచ్చేవాళ్ళు మెడ ఇలా ఉండాలి, చెయ్యి ఇంతే ఉండాలి అని కాగితం మీద బొమ్మ గీసుకొస్తారు. నేను తల ఊపుతాను. వాళ్ళు గుమ్మం దాటాక నాకు తోచినట్టు కత్తిరిస్తాను. బొమ్మలో తప్పు కనిపిస్తుంటే దిద్దకుండా కుట్టడం నా వల్ల కాదు. పదిమందిలో తొమ్మిదిమంది వేసుకుని చూసి భలే కుదిరింది మాస్టారూ అంటారు. ఆ పదోమనిషి గురించి మా ఆవిడ చెబుతుంది. వీధిలో నన్ను దిద్దుబాటు మాస్టరు అంటారని కూడా ఆవిడే చెప్పింది.

మా కోడలు బళ్ళో కెమిస్ట్రీ టీచరు. చేరి ఏడాది కావస్తోంది గానీ ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఖాయం కావాలంటే ముగ్గురు పెద్దల ఎదుట ఒక పాఠం చెప్పి మెప్పించాలి. మొదటిసారి ఆ ముగ్గురినీ చూడగానే పిల్లకి నోట మాట రాలేదట. సుద్దముక్క పట్టుకుని బోర్డు వైపు తిరిగి అలాగే నిలబడిపోయిందట. రెండో అవకాశం ఇచ్చారు. ఇదీ పోతే మూడోది లేదు, టర్ము చివర ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు.

ఇంట్లో మాత్రం ఆ అమ్మాయి నోటికి అడ్డూ ఆపూ ఉండదు. సాయంత్రాలు నా మిషను పక్కన స్టూలు వేసుకుని నోటుపుస్తకాలు దిద్దుతుంది. నేను ఏదో ఒకటి అడుగుతాను. ఉప్పు నీళ్ళలో ఎందుకు కరుగుతుందంటే అరగంట చెబుతుంది. నాకు సగం అర్థమవుతుంది. ఆ సగం కోసమే అడుగుతాను. మావాడు వచ్చి భోజనానికి లేపేదాకా మా ఇద్దరికీ టైము తెలియదు.

అలా ఒక సాయంత్రం నా ముందు ఒక బొమ్మ పెట్టింది.

"గోడకి వేలాడదీసే గుడ్డ కావాలి మామయ్యా. దాని మీద పదిహేను జేబులు."

"పదిహేను జేబులెందుకమ్మాయ్, ఏ మహారాజుకి?"

"పరమాణువుకి. దాని మధ్యలో గట్టి గింజలాంటిది ఉంటుంది, చుట్టూ ఎలక్ట్రాన్లు. అవి ఎక్కడ పడితే అక్కడ ఉండవు, వాటికి చోట్లుంటాయి. ఆ చోటుని ఆర్బిటాల్ అంటాం. ఒక్కో జేబు ఒక్కో ఆర్బిటాల్ అనుకోండి. పిల్లలు వచ్చి ఎలక్ట్రాన్లకి బదులు గుండీలు వేస్తారు. ఒక జేబులో రెండింటికి మించి పట్టకూడదు. ఆ రెండూ కూడా ఒకటి ఇటు తిరిగితే ఇంకొకటి అటు తిరిగి ఉండాలి."

"మొగుడూ పెళ్ళాల్లాగా," అంది మా ఆవిడ, చిక్కుళ్ళు వొలుస్తూ.

"అడుగు జేబులు నిండాకే పైవాటిలో వెయ్యాలి. ఒకే వరుసలో మూడు జేబులుంటే ముందు తలా ఒకటి. అన్నిటికీ ఒక్కోటి అందాకే రెండోది."

"ఈయనకి కోపమొచ్చిన రోజు మనింట్లోనూ అంతేగా," అంది మా ఆవిడ. "తలో గదిలో సర్దుకుంటాం. గదులు చాలకపోతేనే ఇద్దరం ఒక గదిలో."

కోడలు పుస్తకం అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను విననట్టు టేపు మెడలో వేసుకున్నాను.

గుడ్డకి ముదురు నీలం కాటన్ తీసుకున్నాను, జేబులకి లేత పసుపు. జేబులన్నీ విడివిడిగా గుడ్డకే కుడితే వంకర వస్తుందని, వరుసకో పట్టీ చేసి జేబులు దాని మీద కుట్టాను. ఆ పట్టీలను కింది నుంచి పైకి గుడ్డ మీద కుట్టుకుంటూ పోతే సరి. ప్రతి వరుసకీ దాని పేరు ఎర్ర దారంతో అల్లాను. అడుగున 1ఎస్, ఒక్క జేబు. దాని పైన 2ఎస్, ఒకటి. 2పి, మూడు. 3ఎస్, ఒకటి. 3పి, మూడు. ఇంతవరకు బాగానే ఉంది. ఆ పైన అమ్మాయి గీసిన బొమ్మలో 4ఎస్, ఒక్క జేబు. అన్నిటికన్నా పైన 3డి, ఐదు జేబులు.

చూడగానే నా చెయ్యి ఆగింది. మూడో నంబరు పైన, నాలుగో నంబరు కిందా? సైజులు కుట్టి కుట్టి అరిగిపోయిన చెయ్యి నాది. ముప్పై ఎనిమిది తర్వాత నలభై, నలభై తర్వాత నలభై రెండు. పాపం పిల్ల, పరీక్ష కంగారులో అటూ ఇటూ గీసేసింది అనుకున్నాను. మళ్ళీ ఆ ముగ్గురి ముందు తప్పు బయటపడితే ఏం కాను? అడుగుదామని కూడా తోచలేదు. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. 3డి పట్టీ కిందకి దించాను, 4ఎస్ పట్టీ పైకెక్కించాను. చివరన ఒక్క జేబు కిరీటంలా ఉందని మురిసిపోయాను కూడా.

"ఒకసారి చూడనా మామయ్యా?" అని రెండు మూడుసార్లు అడిగింది. చివరి ఇస్త్రీ కాకుండా బట్ట చూపించడం నా దుకాణంలో లేదు. పాఠం రోజు పొద్దున ఆ అమ్మాయి తొందరగా బస్సెక్కి వెళ్ళిపోయింది. నేను ఇస్త్రీ చేసి, కర్ర తొడిగి, గుడ్డని చాపలా చుట్టుకుని వెనకాలే బడికి బయలుదేరాను. కొక్కేలు నేనే బిగిస్తానని చెప్పి ఉంచాను. దుకాణం మూసినందుకు ఇద్దరు ఖాతాదారులు గొణుక్కుని ఉంటారు. గొణుక్కోనీ.

తరగతిలో ముప్పైమంది పిల్లలు. కిటికీ వైపు మూడు కుర్చీల్లో హెడ్మిస్ట్రెస్‌గారు, పక్కన జేబులో పెన్నుతో ఒక పెద్దాయన, ఒళ్ళో ఫైలుతో ఇంకొకావిడ. నేను స్టూలెక్కి కొక్కేలు బిగించి గుడ్డ వేలాడదీశాను. దిగి వెళ్ళబోతుంటే, ఇంత కష్టపడి తెచ్చారు, కూర్చోండి అన్నారు హెడ్మిస్ట్రెస్‌గారు. చివరి బెంచీలో ఇరుక్కుని కూర్చున్నాను. బళ్ళో బెంచీ ఎక్కి నలభై ఏళ్ళు దాటింది, మోకాళ్ళు పట్టలేదు.

అమ్మాయి మొదలుపెట్టింది. గొంతు కొంచెం వణికినా బాగానే మొదలుపెట్టింది. జేబులేమిటో చెబుతూ చూపుడుకర్రతో అడుగు నుంచి ఒక్కో వరుసా చూపిస్తూ పైకి వచ్చింది. 3పి దాటగానే కర్ర ఆగింది. పైన ఉన్న రెండు వరుసలను చూసింది. మళ్ళీ చూసింది. చంక పట్టేసిన జాకెట్టు తొడుక్కుని అద్దంలో చూసుకునేవాళ్ళ మొహం నాకు బాగా తెలుసు. అదే మొహం.

తప్పు ఆ అమ్మాయిది కాదు, నాది. బొమ్మ సరిగ్గానే ఉంది, దిద్దిందే తప్పు.

అమ్మాయి చేతిలో కర్ర కదల్లేదు. పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఫైలావిడ ఫైలు తెరిచింది. పెద్దాయన పెన్ను తీసి మూత విప్పాడు. మూత తిప్పిన చప్పుడు వెనక బెంచీ దాకా వినిపించింది. ఇంకో నిమిషం ఇలాగే గడిస్తే ఆ పిల్ల బోర్డు వైపు తిరిగిపోతుంది, అంతటితో అయిపోతుంది. నాకు సిగ్గుతో ఒళ్ళు మండింది. నాకు ఒళ్ళు మండితే కూర్చోలేను.

"టీచరుగారూ," అన్నాను లేచి. ఇంట్లో అమ్మాయ్ అనే నోటితో టీచరుగారూ అనడం వింతగానే ఉంది. "ఒక సందేహమండీ. ఈ గుడ్డ కుట్టింది నేను. మీరిచ్చిన బొమ్మలో నాలుగో నంబరు కిందా మూడో నంబరు పైనా ఉన్నాయి. మీరు పొరపాటు పడ్డారనుకుని నేనే మార్చాను. మూడు కన్నా నాలుగు ఎలా కిందకొస్తుందో నన్ను ఒప్పించండి. ఒప్పుకుంటే ఇప్పుడే విప్పి కుడతాను. ఒప్పించకపోతే విప్పను."

పిల్లలు కిసుక్కుమన్నారు. హెడ్మిస్ట్రెస్‌గారు ఏదో అనబోయారు, పెద్దాయన చేత్తో ఆగమన్నాడు.

అమ్మాయి నా వైపు చూసింది. కుర్చీలవైపు కాదు, నా వైపే. మిషను పక్కన స్టూలు మీద కూర్చున్నట్టు భుజాలు దిగాయి.

"మాస్టారూ, చొక్కాకి మీరెన్ని కొలతలు తీసుకుంటారు?"

"ఛాతీ, భుజం, పొడవు, చెయ్యి... ఏడెనిమిది."

"ఒక్క ఛాతీ కొలతతో కుట్టేస్తే?"

"భుజం దగ్గర చిరిగి చేతికొస్తుంది."

"మీరు ఇక్కడ చేసింది అదేనండీ. నంబరొక్కటే చూశారు. ఆర్బిటాల్‌కి రెండు కొలతలు. నంబరు ఒకటి, ఆకారం రెండోది. ఎస్ గుండ్రం, దానికి సున్న. పి‌కి ఒకటి. డి‌కి రెండు. ఆ రెండూ కలిపితేనే ఏది ఎక్కడుండాలో తేలుతుంది." పిల్లల వైపు తిరిగింది. "4ఎస్ ఎంతయింది?"

"నాలుగు," అన్నారు పిల్లలు.

"3డి?"

నేనూ వేళ్ళ మీద లెక్కపెట్టాను. మూడూ రెండూ ఐదు.

"మరి 3పి కూడా నాలుగే కదా టీచర్?" అంది మొదటి బెంచీలో కళ్ళద్దాల పిల్ల.

"అలా సమానమైతే చిన్న నంబరుది ముందు. అందుకే 3పి, దాని పైన 4ఎస్, ఆ తర్వాతే 3డి. 4ఎస్‌లో ఉన్న ఎలక్ట్రాన్ ఎక్కడో దూరాన తిరుగుతున్నట్టే ఉంటుంది గానీ, మధ్యమధ్య లోపలికి, గింజ దగ్గర దాకా చొచ్చుకుపోతుంది. గింజ దాన్ని గట్టిగా పట్టుకుంటుంది. అందుకే దాని చోటు కిందకి దిగింది. ఒప్పుకున్నారా మాస్టారూ?"

"ఒప్పుకున్నాను," అన్నాను. నిజంగానే ఒప్పుకున్నాను. ముప్పై ఏళ్ళలో ఒకరి బొమ్మ ముందు నేను ఓడిపోవడం అదే మొదలు, అయినా ఒంట్లో హాయిగా ఉంది.

చిన్న కత్తెర, సూదీ దారం ఎప్పుడూ నా జేబులోనే ఉంటాయి. స్టూలెక్కి పై రెండు పట్టీల కుట్లు విప్పాను. కింద పిల్లలు ఒక్కొక్కరే వచ్చి గుండీలు వేస్తున్నారు. కార్బన్‌కి ఆరు, నైట్రోజన్‌కి ఏడు. ఏడో గుండీ దగ్గర ఒకబ్బాయి అప్పటికే ఒకటి ఉన్న జేబులో రెండోది వేయబోతే, ఖాళీ జేబు ఉండగా ఎందుకురా అని తరగతి అంతా అరిచింది. పైన నేను పట్టీలు తారుమారు చేసి పెద్ద పెద్ద టాకాలు వేసుకుంటూ పోయాను. అమ్మాయి గొంతు ఇప్పుడు మా ఇంట్లో గొంతే. సూది కదులుతూ ఉంటే ఆ గొంతు వినడం నాకు అలవాటే కాబట్టి చెయ్యి ఎక్కడా తప్పలేదు. పొటాషియం పంతొమ్మిదో గుండీ నాలుగో నంబరు జేబులో పడేసరికి నేను స్టూలు దిగాను.

చివర్లో క్రోమియం వచ్చింది. కళ్ళద్దాల పిల్ల ఇరవై నాలుగు గుండీలు పొందిగ్గా వేసింది. 4ఎస్‌లో రెండు, 3డి‌లో నాలుగు, ఒక జేబు ఖాళీ. నాకు ముచ్చటేసింది. మా అమ్మాయి వెళ్ళి 4ఎస్‌లోంచి ఒక గుండీ తీసి ఆ ఖాళీ జేబులో వేసింది. కింద ఒక్కటి, పైన ఐదింటిలో తలా ఒకటి.

నా చేతులు దురద పెట్టాయి. కింది జేబు నిండకుండా పైదా? చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను.

"నియమం తప్పిందేమమ్మా?" అన్నాడు పెద్దాయన.

అమ్మాయి బోర్డు వైపు తిరగలేదు. "తప్పిందండీ. ఐదు జేబుల్లోనూ ఒక్కోటి ఉంటే ఆ అమరిక నిలకడగా ఉంటుందని దానికి కారణం చెబుతాం. కానీ అసలు మాట అది కాదు. కొలిచి చూస్తే క్రోమియం ఇలాగే ఉంది. నియమం మనం రాసుకున్నది. మనిషిని చూసి చొక్కా కుట్టాలి గానీ, చొక్కాని చూసి మనిషిని కత్తిరించకూడదు కదండీ."

పెద్దాయన పెన్నుకి మూత పెట్టేశాడు.

వారం తర్వాత ఉత్తరం వచ్చింది. ఉద్యోగం ఖాయం. మావాడు ఆ ఉత్తరం రెండుసార్లు పైకి చదివాడు, మా ఆవిడ మూడోసారి చదివించుకుంది. నేను మిషను తుడుచుకుంటూ కూర్చున్నాను. ఆనందమైతే నాకు మాట రాదు, కోపమైతేనే వస్తుంది.

ఆ సాయంత్రం అమ్మాయి గుడ్డని ఇంటికి తెచ్చింది, టాకాలు తీసి గట్టి కుట్టు వేయమని. తప్పుగా కుట్టిన చోట పాత సూది రంధ్రాలు నీలం గుడ్డ మీద వరసగా కనిపిస్తున్నాయి. నీళ్ళు చల్లి, ఇస్త్రీ పెట్టె వేడెక్కించాను.

"ఏం చేస్తున్నారు మామయ్యా?"

"రంధ్రాలు మూసుకుపోయేలా ఆవిరి పడుతున్నాను. నా చేతి బట్ట మీద విప్పిన గుర్తులుంటే వీధిలో తలెత్తుకోవాలా?"

"ఉండనివ్వండి," అని ఇస్త్రీ పెట్టె నా చేతిలోంచి తీసుకుంది. "నాలుగు కింద ఎందుకుందని ఏటా ఒకరికైనా అనుమానం వస్తుంది. అడగడానికి భయపడి ఊరుకుంటారు. మీ రంధ్రాలు చూపించి, ఇంత పెద్ద మాస్టరుకే వచ్చింది, మీరూ అడగండి అని చెబుతాను. ఆ రోజు మీరు అడగకపోతే నాకు నోరు పెగిలేది కాదు మామయ్యా."

మా ఆవిడ వంటింట్లోంచి తొంగిచూసింది గానీ, చిత్రం, ఏమీ అనలేదు.

పట్టీలు వాటి చోట గట్టిగా కుట్టాను. రంధ్రాలు ఎక్కడివక్కడే వదిలేశాను. తర్వాత సొరుగు తీసి, నా దుకాణం పేరున్న చిన్న గుడ్డ చీటీ ఒకటి పైకి లాగాను. బాగా కుదిరిన బట్టకే, అదీ మెడ లోపలివైపు, కుడతాను దాన్ని. విప్పి కుట్టిన బట్టకి ఈ ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా వేయలేదు. దాన్ని ఆ రంధ్రాల పక్కనే, ముందువైపు, అందరికీ కనిపించేట్టు కుట్టాను.