పంటిగాట్ల ముసుగు

లైసిన్ పోయాడని తెలియగానే కిబాన్ కొండ మీద అందరి నోటా ఒక్కటే మాట. దున్న ఎప్పుడు లేస్తుంది?

అడవిదున్న తలలా చెక్కతో చేసిన ముసుగు అది. రాజుగారి లోగిలిలో ఉంటుంది. ఒంట్లో బలం ఉన్నన్నాళ్లూ దాన్ని తొడుక్కుని ఆడినవాడు లైసిన్. ఆడినవాడు పోతే ఆ ముసుగే అతని వాకిట్లోకి రావాలి. పెద్దకొడుకు దాన్ని తొడుక్కుని సమాధి చుట్టూ ఆడాలి. అప్పుడే పోయినవాడు పెద్దల్లో కలుస్తాడు. లేకపోతే గడప దగ్గరే నిలబడిపోతాడు. లోపలికీ రాడు, అవతలికీ పోడు. కిబాన్‌లో ఇది చంటిపిల్లలకీ తెలుసు.

చిన్నకొడుకు విర్బాకి ఇంకొకటి కూడా తెలుసు. అది ఎవరికీ చెప్పలేదు.

ముసుగు లోపల నోటి దగ్గర ఒక అడ్డపుల్ల ఉంటుంది. ఆడేవాడు దాన్ని పళ్లతో కరిచిపట్టుకోవాలి. అంత బరువూ ఆ పట్టు మీదే నిలుస్తుంది. పుల్ల నిండా పంటిగాట్లు. లైసిన్‌వి, అతనికి ముందు ఆడినవాళ్లవి, వాళ్లకి ముందువాళ్లవి. "నా పళ్లు ఊడిపోయినా ఇక్కడుంటాయిరా" అని నవ్వేవాడు లైసిన్.

కిందటేడు లోగిలిలో మ్యూజియం పెట్టారు. చూసుకోవడానికి మనిషి కావాలని విర్బాని పట్నంలో శిక్షణకు పంపారు. నెగ్గితే ఉద్యోగం. లేకపోతే మళ్లీ మొక్కజొన్న చేను. అక్కడ ఎసోంబా అనే మాస్టారు పాత వస్తువుని ఎలా ఎత్తాలో, ఎలా దులపాలో, ఎండా చెమ్మా తగలకుండా ఎలా దాచాలో నేర్పాడు. బాగానే నేర్పాడు. ఆఖరున, ఎవరి ఊరి నుంచి వాళ్లు పాడైపోతున్న వస్తువొకటి తెచ్చి బాగుచేసి చూపించాలన్నాడు. అదే పరీక్ష.

విర్బా దున్న ముసుగు పట్టుకెళ్లాడు. దాని చెవుల నిండా పుచ్చు. కదిపితే పొడి రాలేది. తండ్రే గుడ్డలో చుట్టి ఇచ్చాడు.

"పురుగు చావాలి, దున్న బతకాలి. నేను పోయినప్పుడు మీ అన్న దీంట్లోనే ఆడాలి. గుర్తుంచుకో."

పురుగు చావాలంటే ముసుగుని ఫ్రీజర్లో గడ్డకట్టించాలని మాస్టారే చెప్పాడు. కానీ కరెంటు లేదు. రేపొస్తుందన్నారు, ఎల్లుండి వస్తుందన్నారు. పరీక్ష చూసే పెద్దలు కరెంటు కంటే ముందే వచ్చేలా ఉన్నారు. మాస్టారు బీరువా వెనక నుంచి పాత డబ్బా తీశాడు. దాని మీద పుర్రె బొమ్మ ఉంది.

"ఇది పూసెయ్. పురుగు వంశం నాశనం."

"మాస్టారూ, దీన్ని నోట్లో పెట్టుకుంటారు."

"ఎవరయ్యా?"

"ఆడేవాళ్లు."

మాస్టారు నవ్వాడు. "ఇక మ్యూజియంలో ఉండేది కదా. గాజుపెట్టెని కరిచేవాడెవడు?"

తోటివాళ్లంతా నవ్వారు. విర్బా కూడా నవ్వాడు. చేతులకి తొడుగులు వేసుకుని పూశాడు. కొమ్ములకి, చెవులకి, లోపల పుల్లకి. పంటిగాట్లలోకి మందు బాగా దిగింది.

సర్టిఫికెట్ వచ్చింది. ఉద్యోగం వచ్చింది. లైసిన్ వచ్చి గాజుపెట్టె ముందు నిలబడి, "పొడి రాలట్లేదే. గట్టోడివిరా" అన్నాడు. విర్బా అప్పుడూ చెప్పలేదు. మనిషి పోతేగాని ముసుగు తీయరు. ఇప్పట్లో ఎవరు పోతారులే అనుకున్నాడు.

ఇప్పుడు పోయాడు.

ముందు మాస్టారికి ఫోన్ చేశాడు. "కడిగితే పోతుందా?"

"కడిగితే పోయేదాన్ని మందంటారా? చెక్కలోకి ఇంకిపోయింది. నీ మనవలు ముసలివాళ్లయినా పురుగు దగ్గరికి రాదు." ఆ గొంతులో గర్వం.

"పుల్ల తీసి కొత్తది పెడితే?"

"ముసుగంతా మందే కదా నాయనా. తల దూరిస్తే ఆ గాలే పీల్చాలి."

ఫోన్ పెట్టేసరికి డోళ్లు వినపడ్డాయి. అన్న కివెన్ జనంతో మ్యూజియం గుమ్మం దగ్గరికి వచ్చేశాడు. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. పుల్ల కరిచే ముందు కల్లుతో నోరు కడుక్కోవాలి కాబట్టి చేతిలో కల్లుబుర్ర ఉంది.

"తలుపు తియ్యరా తమ్ముడూ. నాన్న ఎదురుచూస్తున్నాడు."

"అన్నా, అది తొడుక్కోకూడదు."

"ఏం? నీ పట్నం మాస్టారు సంతకం పెట్టాలా?"

డోలువాడొకడు అందుకున్నాడు. "చేతులు చూడండ్రా, తొడుగులు! దున్నని ముట్టుకోవడానికి కొత్త పెళ్లికూతురిలా సిగ్గుపడుతున్నాడు."

అందరూ నవ్వారు.

"దాంట్లో విషం ఉంది" అన్నాడు విర్బా. "నేనే పూశాను."

కివెన్ కల్లుబుర్ర కిందకి దించాడు.

"పుల్లకి కూడానా?"

"పుల్లకి కూడా."

కివెన్ కొట్టలేదు. గాజుపెట్టె దాకా వెళ్లి, వంగి, లోపలికి చాలాసేపు చూశాడు. "నాన్నకి తెలుసా?"

"తెలీదు."

"తెలీకుండా పోయి బతికిపోయాడు" అన్నాడు కివెన్. కల్లు గుమ్మంలోనే పారబోశాడు.

ఊరి పెద్దలు కూర్చున్నారు. ఇంకో ముసుగు తెద్దామన్నాడొకడు. "అందులో వాడి పళ్లున్నాయా?" అన్నాడు ఇంకొకడు. ఆ మాట అక్కడితో అయిపోయింది. చివరికి, ఆడకపోతే కనీసం నడిపిద్దామన్నారు.

విర్బా తొడుగులు వేసుకుని, ముసుగుని ఒంటికి దూరంగా రెండు చేతులా పట్టుకుని సమాధి చుట్టూ నడిచాడు. డోళ్లు మొదలెట్టారు. దున్న కాళ్లు చూసి దెబ్బ వేయాలి వాళ్లు. ఆడే కాళ్లు లేవు. ఒక డోలు ఆగింది, తర్వాత ఇంకొకటి. అంతా సద్దుమణిగాక విర్బా అడుగుల చప్పుడు ఒక్కటే మిగిలింది.

లైసిన్ చెల్లెలు బెర్సా గుప్పిట్లో ఎర్రపొడి పట్టుకుని ఉంది. దున్న ఎదురొచ్చినప్పుడు ఆ పొడి దాని నుదుట చల్లి శోకం ఎత్తుకోవాల్సింది ఆమే. విర్బా ఎదురుగా వచ్చి ఆగాడు.

ఆమె చెయ్యి లేవలేదు.

"ఏంట్రా ఇది? మా అన్న చుట్టూ సామాను తిప్పుతున్నావు."

"అత్తా..."

"పురుగే నయం కదరా. తిన్నా సగం మాకు మిగిల్చేది."

పొడి మళ్లీ కొంగులో కట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. ఎవరూ ఏడవలేదు. వండిన కూరలు, ముద్దలు అలాగే చల్లారాయి.

ముసుగు మళ్లీ గాజుపెట్టెలోకి వెళ్లింది. ఎక్కడెక్కడి నుంచో చూడ్డానికి వస్తున్నారు. ఎంత బాగా కాపాడారండీ అంటారు. విర్బా తల ఊపుతాడు. రోజూ పొద్దున్నే పెట్టె తెరిచి ముసుగు కింద వేలితో రాసి చూస్తాడు. చిటికెడు పొడి కూడా ఉండదు.

సాయంత్రం ఇంటికి వచ్చినప్పుడు గడప దగ్గర కాస్త పక్కకి ఒదిగి లోపలికి వెళ్తాడు. ఆ ఇంట్లో ఇప్పుడు అందరూ అలాగే వెళ్తున్నారు.