అంటు కట్టిన షీటు

మా సంస్థలో అందరూ నన్ను జిగురు బాబాయ్ అంటారు. ఎగతాళికి మొదలుపెట్టారు, తర్వాత అదే నా పేరైపోయింది. ఎండబెట్టిన మొక్కలను దళసరి కాగితం మీద అంటించడం నా పని. ఇరవై ఎనిమిదేళ్లుగా అదే చేస్తున్నాను. ఎవరో కొండలెక్కి కొమ్మలు తుంచి, పాత వార్తాపత్రికల మధ్య నొక్కి తెస్తారు. వాటిని నేను షీటు మీద సర్ది, జిగురు రాసి, లావు కాడలకు దారంతో కుట్టు వేసి, సన్న కాడల మీద గుడ్డ పట్టీలు అంటిస్తాను. రాలిన ఆకుముక్కను కూడా పారేయకూడదు, చిన్న పొట్లంలో వేసి షీటు మూలన అతికించాలి. అన్నిటికంటే ముఖ్యం, ఒక షీటు మీద ఒకే మొక్క ఉండాలి. నాకు డిగ్రీలు లేవు, ఉన్న గర్వమల్లా ఈ ఒక్క విషయంలోనే.

మా నాన్న నర్సరీలో అంటు కట్టేవాడు. తండ్రి అంటు కడతాడు, కొడుకు అంటిస్తాడు అని మా అక్క నవ్వేది. ఆమె బాగా చదువుకుంది. ఇదే సంస్థలో వర్గీకరణ విభాగానికి పెద్ద. నాకు ఈ ఉద్యోగం ఇప్పించింది కూడా ఆమే. ఆ సంగతి నేను మరిచిపోకుండా ఏటా ఒకటి రెండుసార్లు గుర్తుచేస్తూ ఉంటుంది.

పదకొండేళ్ల కిందట వానలు పడుతుండగా అక్క స్వయంగా కొండకు వెళ్లి ఒక కట్ట తెచ్చింది. అందులో ఒక పేపరు మడతలో రెండు కొమ్మలున్నాయి. ఒకదానికి ఆకులు, రెండోదానికి పూలు. ఆకులు ఎదురెదురుగా ఉన్నాయి, రెండు కాడల మధ్య సన్నని పొర ఉంది. అది కాఫీ కుటుంబం గుర్తు, ఆ మాత్రం నాకూ తెలుసు. పువ్వు తెల్లగా గొట్టంలా ఉంది. కాఫీ కుటుంబంలో గింజలు కట్టే అండాశయం రేకుల కింద ఉండాలి. ఇక్కడ మాత్రం రేకుల పైన కూర్చుని ఉంది. ఆకు ఒక ఇంటిపేరు చెబుతోంది, పువ్వు ఇంకో ఇంటిపేరు చెబుతోంది.

నేను చూసింది ఆకునూ కాదు, పువ్వునూ కాదు. బెరడును చూశాను. చిన్నప్పుడు నాన్న పక్కన కూర్చుని ఎన్ని బెరడులు ఒలిచానో లెక్క లేదు. ఒకటి నున్నగా ఉంది, రెండోదానికి నిలువు గీతలున్నాయి. ఆ పేపరు మడత పట్టుకుని అక్క గదికి వెళ్లి, "అక్కా, ఇవి రెండు మొక్కలు," అన్నాను.

ఆమె మైక్రోస్కోపు మీంచి కన్ను తీయలేదు. "నువ్వు అంటించు. పేరు పెట్టేది నేను," అంది.

నాకు ఒళ్లు మండింది. నా బల్ల దగ్గరికి వచ్చి, ఆ రెండు కాడల చివరలూ ఒకదానికొకటి ఆనించి, సరిగ్గా కలిసిన చోట పట్టీ వేశాను. ఒకటే అంటోందిగా, ఒకటే చేసిచ్చాను. కోపంతో చేసిన పని అంత శుభ్రంగా ఎప్పుడూ కుదరలేదు. ఎవరు చూసినా ఒకే కొమ్మ. రేపో మాపో ఆమే కనిపెట్టి నాలుక కరుచుకుంటుందని కూడా అనుకున్నాను, అబద్ధమెందుకు.

కనిపెట్టలేదు. ఏడాది తిరిగేసరికి పత్రికలో వ్యాసం వచ్చింది. ఎవరూ చూడని మొక్క అట. రెండు కుటుంబాల మధ్య పరిణామం కట్టిన వంతెన అట. కొత్త మొక్కకు పేరు పెడితే ఆ పేరు ఒకే ఒక్క షీటు మీద ఆధారపడి ఉంటుంది. దాన్ని మూల షీటు అంటారు, ఎర్ర అట్టలో పెట్టి ఇనప బీరువాలో తాళం వేస్తారు. నా పట్టీ వేసిన షీటు ఆ ఎర్ర అట్టలోకి వెళ్లింది. అక్క దానికి నాన్న పేరు పెట్టింది, చివర లాటిన్ తోక తగిలించి.

షీటు ఫొటో ఫ్రేము కట్టించి ఇంటికి తెచ్చింది. నాన్న కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశాడు. అక్క వంటింట్లోకి వెళ్లాక నన్ను దగ్గరికి పిలిచి, "ఎవడ్రా ఈ అంటు కట్టింది? పట్టదే," అన్నాడు. నేను నవ్వేశాను. ఆయన నవ్వలేదు. మరుసటి రోజు నుంచి ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ ఆ ఫొటో చూపించి, మా అమ్మాయి నా పేరు పెట్టిందని మురిసిపోయేవాడు. పోయేదాకా అలాగే మురిసిపోయాడు. ఆయన నోరు మూసుకున్నాక నేను నోరెలా తెరుస్తాను?

వ్యాసం వచ్చిన మూడేళ్లకు అక్క మళ్లీ ఆ కొండకు వెళ్లింది. వారం తిరిగి తిరిగి ఉత్త చేతులతో వచ్చి, ఆ మొక్క అంతరించిపోయిందని రాసింది. సభ పెట్టారు. మనిషి దురాశ గురించి, అడవుల నరికివేత గురించి ఆమె మాట్లాడుతుంటే ముందు వరసలో ఒకావిడ కళ్లు తుడుచుకుంది. వెనక వరసలో కూర్చున్న నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఈ భూమ్మీద పుట్టనే పుట్టని మొక్క చచ్చిపోయిందని అంతమంది బాధపడ్డారు.

ఈ ఏడాది బయటినుంచి ఒక పరిశోధకురాలు వచ్చింది. ముప్పై కూడా నిండని పిల్ల. పాత షీట్లలోంచి గోరంత ముక్క కత్తిరించి, అందులోని డీఎన్ఏ చదివి, ఏ మొక్క ఏ మొక్కకు చుట్టమో తేలుస్తుంది. మేం కత్తెరమ్మాయి అనేవాళ్లం. పద్ధతైన పిల్ల, ముక్క తీసిన ప్రతిచోటా చీటీ పెట్టేది. ఎర్ర అట్టలోని షీటునుంచి ఆకు ముక్క ఒకటి, పూరేకు ముక్క ఒకటి తీసుకెళ్లింది. నెల తర్వాత వచ్చి నా బల్ల పక్కన నిలబడింది.

"ఇది మీరు అంటించిందేనా బాబాయ్ గారూ?"

"నేనే."

"ఆకు కాఫీ కుటుంబమండీ. పువ్వేమో మిరప, టమాటాల కుటుంబం. రెండూ ఆ కొండల్లో దొరికే మామూలు మొక్కలే. ఈ పట్టీ కింద..." అని ఆగిపోయింది. నా మొహం చూసే ఆగింది. అక్కతో చెప్పకముందు నాతో చెప్పాలనిపించిందట.

మూడో రోజు అక్క తన గదికి పిలిచింది. వచ్చే నెల ఆమె డైరెక్టరు కావాలి. కాగితాలు కదులుతున్నాయని, విచారణ సంఘం వేస్తున్నారని చెప్పింది. కాఫీ తెప్పించింది. నాన్నను తలుచుకుంది. నన్ను చంకనేసుకుని బడికి తీసుకెళ్లిన రోజులు తలుచుకుంది. అప్పుడు బల్ల మీద ఒక కాగితం పెట్టింది. రెండు కొమ్మలను పొరపాటున ఒక షీటు మీద కలిపి అంటించానని, ఆ సంగతి ఎవరికీ చెప్పలేదని నేను రాసినట్టు ఉంది అందులో. నా మాటతీరు కూడా అచ్చుగుద్దినట్టు దించేసింది.

"నేను నీతో చెప్పాను కదక్కా," అన్నాను.

"చెప్పావు. నేను వినలేదు. అప్పుడు నిజంగా ఒకటే అనుకున్నాన్రా."

"మరి మళ్లీ కొండకెళ్లినప్పుడు?"

ఆమె కిటికీ వైపు చూసింది. "అప్పుడు తెలిసింది. పక్కపక్కనే ఉన్నాయి రెండూ, ఒకదాని మీద ఒకటి వాలి."

అంటే ఏడేళ్లుగా తెలుసు. తెలిసే సభలో మాట్లాడింది, తెలిసే నాన్న చేతిలో ఆ ఫొటోను ఉండనిచ్చింది. నాకు ఆమె మీద అసహ్యం వేసింది. అంతలోనే నా మీద నాకు అంతకంటే ఎక్కువ వేసింది. పట్టీ వేసిన చేయి నాదే. పొరపాటున కాదు, పంతంతో వేశాను. ఆ నిజమూ ఆ కాగితంలో లేదు, అది రాసినా నాకు ఒరిగేదేమీ లేదు.

"నీకు ఇంకా రెండేళ్లేగా సర్వీసు. నిన్నెవరేమంటారు?" అంది అక్క. సంతకం పెట్టేశాను. కాఫీ తాగకుండా వచ్చేశాను, అదొక్కటే నేను చూపించగలిగిన పౌరుషం.

విచారణ ఒక పూటలో తేలిపోయింది. అక్క డైరెక్టరైంది. నా బల్ల ఇద్దరు కొత్తవాళ్లకు ఇచ్చి, నన్ను కింద గదిలో పెట్టారు. పాత అట్టలు చిరిగితే అతికించాలి. మొక్కలు ముట్టుకోకూడదని రాతపూర్వకంగానే చెప్పారు. కొత్తవాళ్లు జిగురు పలచగా కలుపుతున్నారు, ఆకులు లేచిపోతున్నాయి. చెబుదామని పైకి వెళ్తే, మీరెందుకు బాబాయ్ శ్రమపడతారు అని తలుపు దగ్గరే ఆపేశారు.

మొన్న సవరణ వ్యాసం అచ్చయి వచ్చింది. రాసింది అక్కే. తన తప్పును తానే దిద్దుకున్న నిజాయితీని సంపాదకుడు పైన నాలుగు వాక్యాల్లో మెచ్చుకున్నాడు. నాన్న పేరు ఇక చెల్లని పేర్ల జాబితాలో ఉంటుందట. మా శాస్త్రంలో పేరు చెల్లకపోయినా చెరిపేయరు, ఎప్పటికీ అలాగే ఉంచుతారు. ఆ షీటు సంగతి దగ్గర ఒకే వాక్యం ఉంది: శిక్షణ లేని ఒక సహాయకుడు అజాగ్రత్తగా అతికించడం వల్ల ఈ పొరపాటు జరిగింది. ఇరవై ఎనిమిదేళ్లలో నా గురించి అచ్చులో పడిన మొదటి మాట అదే. నాలుగుసార్లు చదువుకున్నాను.

సాయంత్రం అక్క ఫోన్ చేసింది. గొంతు తేలిగ్గా ఉంది, చాన్నాళ్ల తర్వాత చిన్నప్పటి అక్కలా మాట్లాడింది. వ్యాసం చూశావా అని అడిగింది. చూశానన్నాను.

"పత్రికవాళ్లు నీ పేరు కూడా వేస్తామన్నార్రా. నేనే పట్టుబట్టి ఎక్కడా రాకుండా చూశాను," అంది, నాకు ఉద్యోగం ఇప్పించిన సంగతి గుర్తుచేసేటప్పటి గొంతుతో.