సంతకం కలవలేదు

పార్టీల అభ్యర్థులను ఓటర్లే తేల్చే ఆగస్టు ప్రైమరీ ఎన్నికలో బ్యాలెట్ మీద రెండు పార్టీలకు రెండు వరుసలు. ఒక వరుసలోనే గుర్తు పెట్టాలి. నేను ఒక పార్టీ టీచరమ్మకు పెట్టాను. మా అత్తగారు ధనమ్మ రెండో పార్టీ ఇంజనీరుకు పెట్టారు. ఆయన నోవైలో మా గుడికి వచ్చి, చెప్పులు విప్పి దణ్ణం పెట్టాడట. ఇద్దరూ నెగ్గారు. నవంబరులో గవర్నరు పదవికి వాళ్లిద్దరి మధ్యే పోటీ.

"మీ టీచరమ్మ పాఠాలు చెప్పుకోవాల్సిందే కావ్యా," అని ఏడిపించేవారు అత్తగారు.

డెబ్బై మూడేళ్లకు ఆవిడకు ఈ దేశ పౌరసత్వం వచ్చింది. అప్పుడు ఇంగ్లీషు సంతకం నేనే నేర్పాను. ఓటర్ల జాబితా ఉండే సిటీ ఆఫీసు రికార్డులో ఉన్నది అదే.

చలికి భయపడి నవంబరు బ్యాలెట్లు ఇంటికి తెప్పించాను. పోలింగుకు ముందురోజు, సోమవారం, బ్యాలెట్ కవరు మీద సంతకం పెట్టబోతూ ఆవిడ ఆగారు.

"ఆ గీతలెందుకు? ఓటు నాది. నా పేరు తెలుగులోనే రాస్తా."

సంతకం కలవకపోతే ఓటు లెక్కించరు. టీచరమ్మ తరఫున ఫోన్లు చేస్తూ ఈ మాట ఎంతమందికో చెప్పాను. అత్తగారు గుండ్రంగా ‘ధనమ్మ’ అని రాస్తుంటే మాత్రం, "బాగుందత్తయ్యా," అన్నాను. కవరు నేనే తీసుకెళ్లి సిటీ ఆఫీసు బయటి బ్యాలెట్ పెట్టెలో వేశాను.

మంగళవారం సిటీ ఆఫీసు నుంచి ఫోన్. అత్తగారి సంతకం కలవలేదట. శుక్రవారం సాయంత్రం అయిదింటిలోగా వచ్చి సంతకం సరిచేసుకోవచ్చట.

"ఎవరే?" అన్నారు అత్తగారు.

"ఏదో సర్వే."

బుధవారం పొద్దునకు ఫలితం తేలింది. లక్షన్నర ఓట్ల తేడాతో టీచరమ్మ గెలిచింది. ఆ అంకె ముందు నిలబడలేకపోయాను. నేను ఆపిన ఒక్క ఓటుతో ఆమెకు ఏ పనీ పడలేదు.

అత్తగారు కాఫీ చల్లార్చుకుంటూ నవ్వారు. "పోనీలే, మీ ఆవిడే గెలిచింది. ఓడినవాడి లెక్కలో నేనూ ఒకదాన్ని."

"లేరత్తయ్యా," అన్నాను. అంతా చెప్పాను.

"తెలిసే ఊరుకున్నావా?"

"తెలిసే."

ఆవిడ కాఫీ కప్పు పక్కన పెట్టారు. తర్వాత కోటు వేసుకున్నారు. "కారు తీయ్."

"ఫలితం వచ్చేసింది కదత్తయ్యా..."

"నీకొచ్చింది."

ఆఫీసులో అత్తగారు ఫారం అందుకున్నారు. నేను పక్కన చేరబోయాను. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టారు.

"అక్కడే ఉండు. నాకు సాయం వద్దు."

కౌంటరు మీదికి వంగి, ఒక్కొక్క ఇంగ్లీషు అక్షరం పైకే చదువుకుంటూ రాశారు. నేను తలుపు దగ్గరే నిలబడ్డాను.