సరిచూసినది

ఇరవై అంకెల్లో పదమూడోది కొట్టి ఆయన ఆగాడు. తెర మీద వేలు ఆనించి మొదటి నుంచి మళ్లీ చదువుకున్నాడు.

ఆసుపత్రి రికార్డుల గదిలో రోజూ ఆయన మొదటి పని ఇదే. రాత్రి తీసిన బ్యాకప్‌ను పూర్తి పేరుతో తెరవాలి: ఏడాది, నెల, రోజు, గంట, నిమిషం, సెకను, చివర యంత్రం తగిలించే ఆరంకెలు. అందులోంచి పదిమంది రోగుల వివరాలు తీసి అసలుతో పోల్చాలి. అన్నీ కలిస్తేనే ఆ పేరు నోటుపుస్తకంలోకి ఎక్కుతుంది. ఇరవై ఏళ్లుగా ఇదే తంతు. అందరూ వెనకాల ఇరవై అంకెల సారు అంటారు. "నా పుట్టినరోజు అడిగితే మాత్రం నీళ్లు నములుతారు" అని భార్య దెప్పుతుంది. ఈ రోజుతో ఉద్యోగం ఆఖరు. చూపు మసకబారింది, కుడిచెయ్యి చూపుడువేలు కొద్దిగా వణుకుతోంది.

పది గంటలు దాటాక సర్వర్ పడిపోయింది. అయిదు నిమిషాల్లో సెక్షన్ హెడ్ పరుగున వచ్చింది. ఆయనకంటే ఇరవై ఏళ్లు చిన్నది.

"సార్, ఆపరేషన్ థియేటర్లో ఒకావిడ బల్ల మీద ఉంది. రక్తం ఎక్కించాలి. ఇదివరకోసారి పడలేదట. ఏది పడదో మన రికార్డులోనే ఉంది."

ఆయన నోటుపుస్తకం తెరిచి, పొద్దున ఎక్కించిన పేరు చూసి కొట్టాడు. అలాంటి పేరు లేదని తెర చెప్పింది. మళ్లీ కొట్టాడు. మళ్లీ లేదంది.

"లేటెస్ట్ అని కొట్టండి సార్. తాజాది అదే వెతుక్కుంటుంది."

"తాజాదంటే పగలు గంటగంటకీ తీసేవాటిలో పది గంటలదమ్మా. అది తీస్తుంటేనే డిస్కు పోయింది."

"సగమైనా వస్తుంది కదా."

"సగమే వచ్చిందని అది చెప్పదు. ఆవిడ పేరు దగ్గర ఏమీ లేనట్టు చూపిస్తుంది. ఏదెక్కించినా పరవాలేదనుకుంటాడు డాక్టరు."

బల్ల మీద ఫోను మోగుతూనే ఉంది.

ఆయన కీబోర్డును ఆమె వైపు తోశాడు. ఇన్నేళ్లలో ఎవరికీ అలా ఇవ్వలేదు. "నేను చదువుతా, మీరు కొట్టండి" అన్నాడు. ఒక్కో అంకె చదివాడు, ఆమె కొట్టింది. ఈసారి పేరు దొరికింది. కాపీ దిగడానికి పదకొండు నిమిషాలు పట్టింది, అంతసేపూ ఇద్దరూ నిలబడే ఉన్నారు. ఆవిడకు పడనిదేమిటో తెర మీద కనబడగానే ఆమె ఫోనెత్తి రెండుసార్లు చదివి వినిపించింది. ఆయన గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు.

మధ్యాహ్నానికి సర్వర్ లేచింది. ఆవిడ కోలుకుంటోందని కబురొచ్చింది. ఆయన అన్నం సగంలో వదిలేశాడు.

"మీరు లేకపోతే నా పట్టుదలే ఆవిణ్ని చంపేది" అన్నాడు సెక్షన్ హెడ్‌తో.

అప్పుడు కూర్చుని, ఏళ్ల తరబడి వద్దన్న పని చేశాడు. ఏ బ్యాకప్‌కైనా అంకెల బదులు కొట్టడానికి ముద్దుపేరు పెట్టుకోనిస్తుంది ఆ యంత్రం. రాత్రి కాపీకి 'సరిచూసినది' అని పెట్టాడు.

"రోజూ పదిమందివి పోల్చాకే ఈ పేరు కొత్తదానికి మార్చాలి. పోల్చకుండా మార్చొద్దు."

"ఇది ముందే చేసుండొచ్చుగా సార్."

"పేరుంటే ఇంక పోల్చి చూడరని భయమమ్మా."

అయిదింటికి ఆయన టిఫిన్ డబ్బా పట్టుకుని మెట్లు దిగాడు. సన్మానం వద్దని వారం ముందే చెప్పాడు కాబట్టి ఎవరూ ఆపలేదు.

మర్నాడు పదకొండు గంటలకు ఆమె ఆ గదిలోకి వచ్చి ఆ ఒక్క మాట కొట్టి చూసింది. పాత కాపీయే వచ్చింది. రాత్రి తీసినదాన్ని ఎవరూ తెరవలేదు. ఎవరికి వాళ్లు ఇంకొకరు చూస్తారనుకున్నారు. ఆమెకు సిగ్గేసింది. మొదటి రోగి వివరాలు తెరిచి, కూర్చుందామని కుర్చీ లాక్కుంది. దాని మీద ఆయన పాత దూది దిండు, మధ్యలో మనిషి కూర్చున్నంత మేర గుంటపడి ఉంది.