ఎర్ర గుండీ

ఇంట్లో దుమ్ము తుడిచే పనులన్నిటిలోకీ చదరంగం బల్ల తుడవడం అంత చిరాకు పని ఇంకోటి లేదు. టీవీ అయితే ఒక్క ఊపులో తుడిచెయ్యొచ్చు. బల్ల అలా కాదు. ఒక్కో బొమ్మనీ ఎత్తాలి, దాని కింద గడి తుడవాలి, బొమ్మ తల తుడవాలి, మళ్ళీ అదే గడిలో సరిగ్గా మధ్యకి పెట్టాలి. గుర్రాల చెవుల సందుల్లో దుమ్ముకి పాత పళ్ళ బ్రష్షు కావాలి. ఇదంతా రోజూ భర్త ఆఫీసుకి బయల్దేరాక, తను ఆసుపత్రి బస్సు అందుకునేలోగా మిగిలే పావుగంటలో అయిపోవాలి. పదకొండేళ్ళుగా చేస్తోందామె ఆ పని. తుడిస్తే ఎవరికీ ఏమీ కనపడదు, తుడవకపోతేనే కనపడుతుంది. ఇంటి పనులన్నిటికీ ఉన్న జబ్బే అది.

బల్ల ఆయనది. ఆయన ఒక పెద్ద ఆఫీసులో శిక్షణ విభాగం అధికారి. కొత్తగా చేరినవాళ్ళకి వ్యూహాత్మక ఆలోచన మీద పాఠాలు చెబుతారు. చదరంగం తెలియనివాడికి జీవితం తెలియదనీ, నాలుగు ఎత్తులు ముందు చూడలేనివాడు నాయకుడు కాలేడనీ మొదలుపెడితే మధ్యాహ్న భోజనం గంట కొట్టేదాకా ఆపరు. అందుకే వెనకాల అందరూ ఆయన్ని వ్యూహంగారు అంటారు. అంత ముందుచూపున్న మనిషికి, ఇంట్లో గ్యాసు అయిపోబోతోందన్న సంగతి మటుకు పొయ్యి ఆరిపోయేదాకా తెలియదు. ఆ ముందుచూపు ఆమె శాఖ.

వ్యూహంగారికి కంప్యూటర్లంటే పడదు. ఆఫీసువాళ్ళు ఇచ్చినదాన్ని రోజూ అక్కడి సొరుగులోనే పెట్టి తాళం వేసి వస్తారు. ఫోను కూడా నొక్కుడు మీటల ఫోనే. "కంప్యూటర్ దగ్గర ఆట నేర్చుకున్నవాడిది సొంత మెదడు కాదు, అద్దె ఇల్లు" అని ఆయన అన్నమాట చదరంగ సంఘంలో చాలా పేరు పొందింది. ఎత్తులు రాసుకోవడం కూడా ఆయనకి నామోషీ. రాసుకునేవాడు గుమాస్తా అవుతాడు గానీ ఆటగాడు కాడట.

సంఘంలో ఆయనకి సమ ఉజ్జీ పళ్ళ డాక్టరు. ఇద్దరూ ఏడాదికోసారి ఫోనులో పెద్ద ఆట ఆడతారు. రోజుకో ఎత్తు. వ్యూహంగారు పొద్దున్నే కాఫీ తాగుతూ బల్ల ముందు కూర్చుని, ఆ బొమ్మా ఈ బొమ్మా జరిపి చూసి, వెనక్కి పెట్టి, చివరికి ఒకటి ఖాయం చేస్తారు. ఖాయం చేసిన బొమ్మని కొత్త గడిలో ఉంచి, దాని కింద ఒక ఎర్ర గుండీ పెట్టి ఆఫీసుకి వెళ్ళిపోతారు. సాయంత్రం రాగానే గుండీ ఏ బొమ్మ కింద ఉందో చూసి, ఏ గడిలో ఉందో డాక్టరుకి ఫోను చేసి చెప్పి, అతని జవాబు ఎత్తుని బల్ల మీద పెడతారు. రాసుకోవడం లేదు, గుర్తుంచుకోవడమూ లేదు. ఆ గుండీ ఆమె పాత స్వెట్టరుది. అది ఎవరిదని ఆయన ఎప్పుడూ అడగలేదు.

పదకొండేళ్ళ కిందట, మొదట్లో, ఆమె తుడుస్తూ ఒక బంటుని పక్క గడిలో పెట్టేసింది. ఆ సాయంత్రం డాక్టరు ఇంటికొచ్చి ఉన్నాడు. "నలభై గిన్నెలు ఏది ఏ అరలో ఉందో కళ్ళు మూసుకుని చెబుతుంది, ముప్పై రెండు బొమ్మలు మటుకు గుర్తుండవు" అని వ్యూహంగారు అంటే డాక్టరు పళ్ళన్నీ కనపడేలా నవ్వాడు. ఆమె కూడా నవ్వింది, నవ్వకపోతే ఏడ్చినట్టుంటుందని. మర్నాటినుంచి బొమ్మలు ఎక్కడున్నవి అక్కడ గుర్తుపెట్టుకోవడం మొదలుపెట్టింది. ఊరికే గుర్తుండవు కదా. ఏటవాలుగా నడిచే ఈ శకటు ఇక్కడెందుకుందంటే ఆ మూలనున్న ఏనుగు మీద కన్నేసింది కాబట్టి, ఈ బంటు కదలకపోవడం ఎందుకంటే కదిలితే వెనకున్న రాజు బయటపడతాడు కాబట్టి, ఇలా కారణాలు తగిలించుకుంటూ పోయింది. కారణాలు తెలిశాక తప్పులు కూడా తెలియడం మొదలైంది. అందులో వింతేమీ లేదు. ఆసుపత్రిలో ఆమె చేసేది నలభై ఇద్దరు నర్సులకి డ్యూటీ చార్టు వెయ్యడం. ఒకరికి జ్వరం వస్తే ఎవరిని జరపాలి, వాళ్ళని జరిపితే ఎవరికి కోపం వస్తుంది, ఆ కోపం మంగళవారం ఏ వార్డు మీద పడుతుంది, అన్నీ ముందే చూసుకోవాలి. కింద సంతకం సూపరింటెండెంటుది.

మూడేళ్ళుగా బస్సులో ఫోనులో కంప్యూటర్‌తో ఆడుతోంది కూడా. వెళ్ళేటప్పుడు నలభై నిమిషాలు, వచ్చేటప్పుడు నలభై. మొదటి ఏడాదంతా ఓడిపోయింది. కానీ కంప్యూటర్‌లో ఒక సుగుణం ఉంది. ఎన్నిసార్లు ఓడించినా "నీకెందుకులే ఇదంతా" అనదు. ఆట మధ్యలో మంచినీళ్ళు అడగదు.

పంతొమ్మిది రోజుల కిందట ఒక పొద్దున్న, గుండీ మీదున్న గుర్రాన్ని ఎత్తి గడి తుడిచింది. తుడిచాక దాన్ని మళ్ళీ అక్కడ పెట్టడానికి చెయ్యి రాలేదు. అక్కడ పెడితే మూడు రోజుల్లో చచ్చిపోతుంది. పాపం, చెవులు కూడా ఇప్పుడే శుభ్రం చేసింది. గుర్రాన్ని దాని పాత గడికి పంపేసి, మరో చివరనున్న ఆయన శకటుని ముందుకి జరిపి, దాని కింద గుండీ పెట్టింది. కూరలో ఉప్పు తగ్గిందనిపిస్తే ఎవరినీ అడక్కుండా ఒక చిటికెడు వేసేస్తాం చూడండి, అంతే అనుకుంది.

సాయంత్రం వ్యూహంగారు బల్ల ముందు నిలబడి కనుబొమలు ముడిచారు. పొద్దున్న పది రకాలుగా జరిపి చూసిన మనిషికి ఖాయం చేసింది ఏదో సాయంత్రానికి ఎలా గుర్తుంటుంది. కాసేపు పైకప్పు వంక చూసి, తరవాత మెల్లగా తనని చూసి తనే మురిసిపోయి, డాక్టరుకి ఫోను చేశారు. ఫోను పెట్టేసి, పక్కనే కుర్చీలో కూర్చున్న తల్లితో అన్నారు, "కొన్ని ఎత్తులు మనం ఆలోచించమమ్మా. అవే వస్తాయి."

అత్తగారు పొద్దంతా ఆ ముందుగదిలోనే, ఆ కుర్చీలోనే ఉంటుంది. కోడలి వంక ఒక్కసారి చూసింది. "అవును నాయనా, మనింట్లో అన్నీ అవే వస్తాయి. ఉతికిన బట్టలు బీరువాలోకి కూడా అవే వస్తాయి" అంది.

ఆ మర్నాడు ఇంకో చిటికెడు. ఆ తరవాత ఇంకోటి. వారం తిరిగేసరికి ఆయన పొద్దున్న పెట్టే ఎత్తుకీ సాయంత్రం డాక్టరుకి చేరే ఎత్తుకీ పోలికే లేకుండా పోయింది. ఆట ఆమెదైపోయింది. రోజంతా ఆసుపత్రిలో చార్టు వేస్తూనే లోపల్లోపల డాక్టరు ఏమంటాడా అని ఆలోచించేది. పన్నెండో రోజున ఒక ఏనుగుని తీసుకెళ్ళి డాక్టరు బంటు నోటి ముందు పెట్టింది. ఊరికే తినెయ్యమన్నట్టు. పెట్టి, కాసేపు చీపురు పట్టుకుని నిలబడింది. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ ఇస్తూనే ఉంది కానీ, తిరిగి రాబట్టుకోవడానికి ఇవ్వడం ఆమెకి అదే మొదటిసారి. డాక్టరు ఏనుగుని తిన్నాడు. ఇప్పుడు డాక్టరు రాజుకి మూడు ఎత్తుల్లో ఆటకట్టు. బల్ల ముందు నిలబడితే ఆమెకి చెప్పలేనంత సంతోషంగా ఉండేది. ఆమె చేతుల్లోంచి వచ్చినవాటిలో, సాయంత్రానికి ఎవరూ తినెయ్యనిదీ, మాపెయ్యనిదీ, చింపెయ్యనిదీ ఈ ఒక్కటే. దాన్ని చివరిదాకా నడిపి చూసుకోవాలి. ఇంకేమీ వద్దు.

సరిగ్గా అప్పుడే, శుక్రవారం, డాక్టరు సంఘానికి ఫిర్యాదు పెట్టాడు. ముప్పై ఏళ్ళుగా వీడి ఆట నాకు తెలుసు, వీడు ఏనుగుని ఊరికే ఇచ్చే రకం కాదు, బంటు పోతేనే మూడు రోజులు అన్నం మానేస్తాడు, ఇది మనిషి ఆడిన ఆట కాదు, కంప్యూటర్ ఆడింది అని. ఆదివారం పొద్దున్న కార్యదర్శి, డాక్టరు ఇద్దరూ ఇంటికొచ్చి విచారణ చేస్తారని, అందాకా ఆట ఆపాలని కబురు. తేలితే సంఘంలోంచి ఏడాది వెలి, ఆట రద్దు.

వ్యూహంగారికి నిద్రపట్టలేదు, ఇంకెవరినీ పట్టనివ్వలేదు. నేనా, కంప్యూటరా, అని ఇల్లంతా తిరిగారు. శనివారం మధ్యాహ్నం ఆయన మొహం చూసి జాలేసి ఆమె చెప్పేసింది, గుండీ నేనే జరిపానండీ అని. ఏ గుండీ అన్నారు. చెప్పింది. ఎన్నాళ్ళనుంచి అన్నారు. పంతొమ్మిది రోజులనుంచి అంది. ఆయన మంచం మీద కూలబడ్డారు.

"ఏనుగు కూడానా?"

"ఏనుగు కూడా."

"ఆ ఏనుగు మీద సోమవారం యాభై మందికి రెండు గంటల పాఠం చెప్పాను" అన్నారు, ఏడుపు గొంతుతో.

తల వంచుకుని వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకున్నారు. ఇప్పుడైనా, ఎలా నేర్చుకున్నావు అని అడుగుతారేమో అనుకుని, చెప్పడానికి బస్సు దగ్గరనుంచి మొదలుపెట్టాలా బంటు దగ్గరనుంచా అని ఆలోచించుకుంటూ నిలబడింది. ఆయన తల ఎత్తారు. మొహం తేటపడింది.

"కంప్యూటరనే ఒప్పుకుంటాను" అన్నారు. "అది పరువైన తప్పు. లోకంలో మహామహా ఆటగాళ్ళే దాని చేతిలో ఓడిపోయారు. పెళ్ళాం ఆడిందంటే..." అని ఆగి, ఆ వాక్యాన్ని అక్కడే వదిలేసి, "రేపు వాళ్ళొచ్చేలోగా బొమ్మలన్నీ డబ్బాలో సర్దెయ్. ఎలాగూ రద్దయ్యే ఆటే కదా" అన్నారు.

కంప్యూటర్ ముందు తల వంచుకోవచ్చు, తన ముందు కాదు. యంత్రం కంటే తక్కువన్నమాట. కోపం రావాలి కానీ ముందు నవ్వొచ్చింది ఆమెకి, ఆ తరవాత కళ్ళలో నీళ్ళొచ్చాయి. ఆదివారం పొద్దున్న మామూలుగానే బల్ల తుడిచింది. ఒక్కో బొమ్మనీ ఎత్తి, ఎక్కడిది అక్కడే పెట్టింది. డబ్బా జోలికి పోలేదు. ఇదంతా కుర్చీలోంచి చూస్తున్న అత్తగారు, "నాకు గుర్రాలంటే తెలియదు గానీ అమ్మాయ్, వాడి కంటే నువ్వే బాగా పెడతావు" అంది. పంతొమ్మిది రోజులుగా అన్నీ చూస్తూ కుక్కిన పేనులా ఉందన్నమాట.

పదింటికి వాళ్ళిద్దరూ వచ్చారు. ఆమె వంటింట్లో టీకి పాలు పొయ్యి మీద పెట్టి, తలుపు పక్కన నిలబడి వింది. కార్యదర్శి ఫిర్యాదు చదివాడు. వ్యూహంగారు తేలు కుట్టిన దొంగలా కాసేపు నేల చూపులు చూసి, గొంతు సవరించుకుని, అవును, నా వల్ల తప్పు జరిగింది, కంప్యూటర్ సాయం తీసుకున్నాను అన్నారు. డాక్టరు నిట్టూర్చాడు. పోన్లే, ఒప్పుకున్నావు, అదే పెద్ద గుణం, అంతటి మొనగాళ్ళకే తప్పలేదు అని భుజం తట్టాడు. పెద్దమనుషుల మధ్య ఎంత మర్యాదగా ఉందో తప్పు. కార్యదర్శి కాగితం మీద రాసుకుంటూ, నిబంధన ప్రకారం ఆ కంప్యూటర్ని కూడా ఒకసారి చూసి రాసుకోవాలన్నాడు.

"ఆఫీసుది ఎప్పుడూ అక్కడి సొరుగులోనే ఉంటుంది కదా" అన్నాడు డాక్టరు. "నీ ఫోను సంగతి నాకు తెలుసు. మరి రోజూ ఇంట్లో ఆడిన కంప్యూటర్ ఎక్కడుందిరా?"

ఆ ప్రశ్న వస్తుందని వ్యూహంగారు అనుకోలేదు. నాలుగు ఎత్తులు కాదు, ఒక్కటి కూడా ముందు చూసుకోలేదు. ఆయన చూపు గుమ్మం వైపు పోయింది, నోరు దాని వెనకాలే పోయింది.

"వంటింట్లో ఉంది" అన్నారు.

"వంటింట్లోనా?" అన్నాడు కార్యదర్శి, పెన్ను ఆపి.

అత్తగారు ముసుగు సర్దుకున్నట్టు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, నవ్వాపుకోలేక. ఆమె పొయ్యి మీద పాల వంక ఒకసారి చూసింది. చేతులు తుడుచుకుంది. తుడుచుకున్న గుడ్డని తీసుకొచ్చి వ్యూహంగారి చేతిలో పెట్టి, ఆయన లేచాక బల్ల ముందున్న ఆ కుర్చీలో కూర్చుంది. ఆయన ఎందుకు లేచారో ఆయనకే తెలియదు.

"ఆ కంప్యూటర్ నేనే, అన్నయ్యగారూ" అంది డాక్టరుతో. "గురువారం మీరు మంత్రిని వెనక్కి జరిపారు. ఎత్తు నాది."

గుర్రాన్ని ఎత్తి, రెండు గడులు ముందుకీ ఒకటి పక్కకీ పెట్టింది. దాని కింద గుండీ పెట్టలేదు. ఎర్ర గుండీని తీసి బల్ల అంచున, అందరికీ కనపడేలా పెట్టింది. డాక్టరు ముందు ఆమె మొహం చూశాడు, తరవాత గుర్రాన్ని, తరవాత తన రాజుని. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. పది నిమిషాల ముందు భుజం తట్టిన చెయ్యి గడ్డం కిందకి చేరింది.

"కొంచెం ఆలోచించుకోవచ్చా చెల్లెమ్మా?" అన్నాడు చివరికి, చాలా చిన్న గొంతుతో.

"తాపీగా ఆలోచించుకోండి. నాకేం తొందర లేదు" అంది.

వంటింట్లోంచి పాలు పొంగుతున్న వాసన వచ్చింది. గుడ్డ చేతిలో పట్టుకుని వ్యూహంగారు ఆమె వైపు చూశారు, లేస్తుందేమోనని. కార్యదర్శి చూశాడు, అత్తగారు చూసింది. ఆమె బల్ల వంకే చూస్తూ కూర్చుంది.